ముందుగాల వచ్చినామె

నల్లగొండలోని మా నీళ్ల పరీక్షల ల్యాబులో ఆమె చేరిన రోజే నాకు నచ్చలేదు. పని మొదలుపెట్టే ముందు ఫ్లోరైడ్ కొలిచే మీటరుకు దండం పెట్టుకుంది. నుదుట కుంకుమ, మెడలో నరసింహస్వామి బిళ్ల, శనివారం ఒంటిపొద్దు. ఇదేం కెమిస్టు అనుకున్నాను. నాకంటే పదేళ్లు చిన్నది. నన్ను అక్కా అని పిలిచేది.

నేను కెమిస్ట్రీ చదివింది కోపంతో. మా ఊరి బోరు నీళ్లు తాగి తాగి బాపు నలభై దాటగానే వంగిపోయాడు. పక్కకు చూడాలంటే మనిషంతా తిరగాల్సిందే. ఆయన మొక్కని దేవుడు లేడు, ఎక్కని గుట్ట లేదు. ఆ గుట్టల రాళ్లలోంచే నీళ్లలోకి ఫ్లోరైడ్ దిగుతుందని తెలిసిన రోజు నేను దేవుడి పటం ముందు దీపం పెట్టడం మానేశాను. అమ్మ మానలేదు. ఈ జిల్లాలో నీళ్ల గురించి మాట్లాడే హక్కు అందరికంటే ముందు నాదేనని నాకు గట్టిగా అనిపించేది.

తెలంగాణ వచ్చాక ఊళ్లకు కృష్ణ నీళ్లు నల్లాల్లో రావడం మొదలైంది. అయినా ఒక ఊళ్లో గుడి వెనక బోరు నీళ్లే తాగుతున్నారని తెలిసి వెళ్లాను. అవి స్వామి నీళ్లట. పరీక్ష చేస్తే, తాగదగినదానికి రెండింతలు ఫ్లోరైడ్ ఉంది. గుడి అరుగు మీద కూర్చున్నవాళ్లకు రిపోర్టు చూపించాను. మోకాళ్లు వంకరపోయిన ఒక అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"బొట్టు గూడ పెట్టుకోలే. నీకు స్వామి నీళ్ల సంగతేం ఎర్క?"

"అవ్వా, నీ మోకాళ్లను గిట్ల చేసింది గీ నీళ్లే."

"మోకాళ్లు నా రాత. నీళ్లనెందుకు తిడ్తవ్?"

అందరూ నవ్వారు. తాగొద్దన్న గుర్తుగా బోరుకు ఎర్ర రంగు పూయించి వచ్చేశాను. వారం తిరగకముందే ఎవరో దాని మీద పసుపు పూశారు.

రెండోసారి ఆమెను పంపారు. నేనూ జీపెక్కాను. నిజం చెప్పాలంటే, ఆమెను చూసి కూడా వాళ్లు నవ్వితే చూద్దామని. ఆమె చెప్పులు విడిచి గుళ్లోకి వెళ్లి మొక్కింది. బయటికొచ్చి ఆ అవ్వ పక్కనే నేల మీద కూర్చుని పెట్టె తెరిచింది. ఒక గాజు గొట్టంలో నల్లా నీళ్లు, ఇంకోదాంట్లో బోరు నీళ్లు పోసి మందు చుక్కలు వేసింది. నల్లా నీళ్లు గులాబీ రంగులో ఉండిపోయాయి. బోరు నీళ్లు పసుపుపచ్చగా మారాయి.

"పచ్చగైతే తాగొద్దని లెక్క అవ్వా."

"స్వామి నీళ్లల్ల విషమెందుకుంటది బిడ్డా?"

"స్వామి నీళ్లే, నేను కాదంటలేను. కని రాళ్లల్లకెళ్లి వస్తున్నయ్ గద. రాయిల ఉన్నదే నీళ్లల్లకు దిగుతది. గీ నీళ్లతోని అభిషేకం చేద్దాం, నెత్తిన జల్లుకుందాం. తాగేటందుకు నల్లా నీళ్లు పట్టుకుందాం. మన పాణం మనం కాపాడుకుంటే స్వామికి కోపమొస్తదా?"

అవ్వ ఆ గొట్టాన్ని వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది. "మరి ముందుగాల వచ్చినామె గీ ముచ్చట ఎందుకు చెప్పలే?" అంది. ముందుగాల వచ్చినామె ఆమెకు రెండడుగుల దూరంలోనే నిలబడి ఉంది.

జీపులో "మంచిగనే నాటకమాడినవ్" అన్నాను.

"నాటకమేందక్కా? నేను నిజంగనే మొక్కిన."

అదే నన్ను మండించింది. నాటకమే అయితే మెచ్చుకునేదాన్నేమో.

ఆమె ఒకసారి మా ఇంటికి భోజనానికి వచ్చి, వెళ్లేటప్పుడు అమ్మతో బోరు నీళ్ల గురించి నాలుగు మాటలు చెప్పింది. "గిట్ల ఇగురంగ, అర్థమయ్యేటట్టు చెప్తే నేనెప్పుడో ఇంటుంటి" అంది అమ్మ. ఇరవై ఏళ్లుగా నేను చెప్పింది అదే.

కొన్నాళ్లకు ఆమె ఒక బడి బోరు నీళ్లు తాగొద్దని రిపోర్టు ఇచ్చింది. హద్దుకు కొంచెమే ఎక్కువ. ఆమె సెలవులో ఉన్న రోజు ఆ నీళ్ల నమూనా సీసా తీసి మళ్లీ పరీక్ష చేశాను. హద్దుకు లోపలే వచ్చింది. సంతోషం పట్టలేకపోయాను. నేరుగా పెద్దసారు గదికి వెళ్లి, పూజల ధ్యాసలో తప్పు లెక్క రాసి బడిని ఊరికే భయపెట్టిందని చెప్పాను.

మర్నాడు ఆయన ఇద్దరినీ పిలిచారు. ఆమె ఆ సీసా తెప్పించింది. మా ముందే అదే సీసాలోంచి మూడుసార్లు పరీక్ష చేసింది. మూడుసార్లూ తన లెక్కే వచ్చింది. తర్వాత నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"అక్కా, బఫర్ కలిపినవా?"

కలపలేదు. నీళ్లలోని లోహాలు ఫ్లోరైడును పట్టి దాచకుండా ముందు బఫర్ ద్రావణం కలపాలి. కొత్తగా వచ్చినవాళ్లకు నేనే నేర్పే మొదటి పాఠం అది. ఆమె తప్పు పట్టాలన్న తొందరలో మర్చిపోయాను. నా లెక్కను నమ్మి ఉంటే ఆ బడి పిల్లలు అవే నీళ్లు తాగుతుండేవాళ్లు. సైన్సు నాది, దేవుడు ఆమెవాడు అని పంచుకున్నదాన్ని నేను. ఆ గదిలో సైన్సు కూడా ఆమె వైపే ఉంది.

సాయంత్రం క్షమించమని అడిగాను. "సారు తానకు పోకముందే నన్నడిగితే అయిపోవు గదక్కా" అంది. ఆమె నొచ్చుకోవడం చూడటం అదే మొదటిసారి.

"నీకు లోపల లొల్లి ఉండదా? ఇక్కడ గిన్ని కొలతలు కొలుస్తవ్, అక్కడ పోయి మొక్కుతవ్."

గాజు గొట్టాలు కడుగుతూనే చెప్పింది. "ఉంటది. మా నాయిన దవాఖానల ఉన్నప్పుడు చానా మొక్కిన. అయినా పోయిండు. ఏడాది దాక గుడికి పోలే. మళ్ల పోబుద్ధయింది, పోయిన. ఎందుకంటే చెప్పరాదక్కా."

నేను దీపం పెట్టడం ఒక్కసారి ఆపేసి, మళ్లీ అటు తిరిగి చూడలేదు. ఆమె మాత్రం మళ్లీ వెళ్లగలిగింది.

ఆమెకు మహబూబ్‌నగర్ బదిలీ అయినప్పుడు, పోయే ముందు యాదగిరిగుట్టకు రమ్మంది. ఎందుకో వెళ్లాను. నేను బయటే కూర్చున్నాను. రెండు గంటల తర్వాత వచ్చి నా చేతిలో పులిహోర పెట్టింది.

"ఏం కోరుకున్నవ్?" అన్నాను.

"ఏం కోరలే. ఊకె చూసొచ్చిన."

తిరుగు బస్సు భువనగిరి దాటకముందే ఆమె నా భుజం మీద తల వాల్చి నిద్రపోయింది. నల్లగొండ దాకా నేను మేలుకునే ఉన్నాను, ఆ నిద్రను కూడా ఓర్వలేక.