నేను మనిషినని నమ్మని వెబ్‌సైటు

ప్రభువునందు ప్రియమైన సహోదరీ సహోదరులారా, పదిమందిలో నోరు విప్పాలంటేనే చెమటలు పట్టే నేను ఈ సాక్ష్యాన్ని ఫోన్‌కు చెప్పి రాయించుకుంటున్నాను, ఎందుకంటే డిగ్రీ చదువుతుండగా జబ్బు చేసి నా చూపు పూర్తిగా పోయింది. చదవడం తప్ప వేరే సరదా ఎరుగని నాకు అది ఎంత చీకటో చెప్పలేను! పుస్తకం తెరిచి, వాసన చూసి, మూసేసేదాన్ని. కోట ఊరి బజారుకు చేపలు అమ్మడానికి పోయిన అమ్మ తిరిగొచ్చేదాకా గడప దాటేదాన్ని కాదు. నాకు కళ్ళు కనపడవు అన్న మాట కొత్తవాళ్ళ ముందు నా నోట ఎన్నడూ రాలేదు, అంత సిగ్గు!

దేవుడు కనికరించి, తెరమీది అక్షరాలను పైకి చదివే ఫోన్ నా చేతికిచ్చాడు. దానితోనే డిగ్రీ పూర్తిచేశాను. కొత్తగా వచ్చిన ఏఐ అయితే ఫోటో చూపిస్తే అందులో ఏముందో తెలుగులో చెబుతుంది. అమ్మ చీర ఆకుపచ్చ అని అది చెప్పినప్పుడు, "పాతదని కూడా చెప్పిందా?" అని అమ్మ నవ్వింది. టీచరు కావాలన్న ఆశ నాలో మళ్ళీ లేచింది, బీఎడ్ ప్రవేశ పరీక్షకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు మొదలుపెట్టాను.

అన్నీ నింపాక చివర ఆగిపోయాను. మీరు మనిషేనని నిరూపించండి, బొమ్మలోని అక్షరాలు టైపు చేయండి అంది వెబ్‌సైటు. నా ఫోన్ ఆ బొమ్మను చదవలేదు. ఏఐని అడిగితే, ఇది మనుషులకు పెట్టిన పరీక్ష, నేను చేయకూడదు అని మర్యాదగా తప్పుకుంది! అమ్మను పిలిచాను. అమ్మకు చూపుంది, అక్షరం ముక్క రాదు.

"మొదటిది గాలపు కొక్కెం మాదిర ఉండాదిమే," అంది అమ్మ. జె కొట్టాను. "దాని పక్కన గుండ్రంగా వల బెండు." ఓ కొట్టాను. "ఇంకోటి తుపానుకు వాలిపోయిన కరెంటు స్తంభం."

"ఎటు వాలిందిమా?"

"ఇన్ని పుస్తకాలు చదివినావే, స్తంభం ఎటు వాలితే ఏ అక్షరమో నువ్వే చెప్పు!"

నవ్వుకుంటూనే కొట్టాం, ప్రతిసారీ తప్పే. గడువు దగ్గరపడే కొద్దీ నవ్వు ఏడుపైంది. పక్కింటివాళ్ళను అడగొచ్చు కదా అంటారేమో, అడగొచ్చు, కానీ రేపు హాల్‌టికెట్‌కు, ఆ తర్వాత కౌన్సెలింగ్‌కు ఎవరి గుమ్మం తొక్కను? మోకరించాను. "ప్రభువా, ఇవాళ చూపు ఇమ్మని అడగను. నా సిగ్గు తీసెయ్యి. ఆ ఒక్క మాట చెప్పే నోరు నాకివ్వు."

లేచి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను. ఎత్తినాయన విసుగ్గా, "బొమ్మ కనిపించకపోతే పక్కన ఎవరన్నా ఉంటే కొట్టించుకోండి మేడమ్" అన్నారు.

ఫోన్ పెట్టెయ్యకుండా చెప్పేశాను. "సార్, నాకు కళ్ళు కనపడవు, చదువుండాది. మా అమ్మకు చూపుండాది, చదువు లేదు. ఇద్దరం కలిసి కూర్చున్నా మేం మనుషులమని మీ వెబ్‌సైటు నమ్మడం లేదు. మేం ఏం చెయ్యాల?"

ఆయన మెత్తబడి, "పెద్ద మేడమ్‌కు ఇస్తాను, ఇప్పుడన్నట్టే చెప్పమ్మా" అన్నారు. చెప్పాను. గడువు ముగియకముందే ఆ పేజీలో బొమ్మ పక్కన ఇంకో దారి వచ్చింది: ఫోన్‌కు వచ్చే నంబరు కొడితే చాలు. నా ఫోన్ చదివింది, నేను కొట్టాను, మీ దరఖాస్తు అందింది అని వినబడగానే అమ్మ చేపల చేతులతోనే నన్ను వాటేసుకుంది. దేవునికే మహిమ! ఆ దారి నా ఒక్కదానికే కాదు, నాలాంటి అందరికీ తెరుచుకుంది.

చూపు రాలేదు, పరీక్ష ఇంకా రాయాలి, కానీ సిగ్గు అనే చెర నుండి విడుదల పొందాను, ఆ ధైర్యంతోనే మిమ్మల్నీ ఒకటి అడుగుతున్నాను. మన సంఘం వాట్సాప్ గుంపులో ఉదయాన్నే వాక్యాన్ని పూల బొమ్మ మీద పెట్టి పంపుతారు. నా ఫోన్ "చిత్రం" అని ఊరుకుంటుంది, ఏఐ పూల రంగులన్నీ వర్ణించి వాక్యంలో సగం మింగేస్తుంది. మీరంతా ఆమెన్ పెడుతుంటే వెనకబడకూడదని నేనూ పెట్టేదాన్ని, ఒకసారి నేను ఆమెన్ పెట్టింది ఎవరో పోగొట్టుకున్న గొడుగు ఫోటోకట! దయచేసి బొమ్మ కింద ఆ వాక్యాన్ని అక్షరాల్లో కూడా రాయండి.

నోరు రాక లోపల్లోపలే కుమిలిపోతున్నవారు మీలో ఉంటే, ముందు ఆయనతో చెప్పుకోండి. ఆయనకు ఏ బొమ్మా చదివి చూపించనక్కర్లేదు, మీరు మనిషేనని నిరూపించనక్కర్లేదు. ఆయన వింటాడు, లోకంతో చెప్పాల్సిన మాట ఆయనే నోటికిస్తాడు. నాకిచ్చాడు!