రడ్ చేపలు తగ్గిన ఏడాది

నిన్న ఉదయం తలుపు సందులోంచి మా కాలనీ కమిటీ వారి కాగితం ఒకటి వచ్చి పడింది. చెరువులో మళ్ళీ చేపపిల్లలు వదులుతున్నారట, సాయపడేవాళ్ళు పేర్లు ఇవ్వాలట. చదివి పక్కన పెట్టాను కానీ, మనసు మాత్రం పదిహేనేళ్ళు వెనక్కి పోయింది.

అప్పట్లో ఈ ఐర్లండ్‌లోనే, బోమాంట్‌లో ఆసుపత్రి నర్సుగా చేసేదాన్ని. మా ఇళ్ళ వెనక ఉన్నది చెరువు అనడానికి మొహమాటపడేంత చిన్న గుంట. అయినా దాని బాగోగులు చూసే మా పక్కింటి ఐరిష్ పెద్దాయనకు అది సముద్రంతో సమానం. కైకలూరు వైపు మా నాన్న చేపల చెరువులు చేసేవారని తెలిసిన రోజు నుంచి ఆయన నన్ను వదల్లేదు. సెలవు రోజున మేమిద్దరం వల వేసి, పడ్డ చేపను తడి చేత్తో పట్టుకుని పొడుగు కొలిచి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేసేవాళ్ళం. అనుమతి తీసుకుని తెచ్చిన ఎర్ర రెక్కల రడ్ చేపపిల్లల సంచులను, లోపలి నీళ్ళూ బయటి నీళ్ళూ ఒకే చల్లదనానికి వచ్చేదాకా చెరువులో తేలనిచ్చి, ఆ తరవాతే మూతి విప్పాలని ఆయనకు చెప్పింది నేనే. "ఊళ్ళోవాళ్ళ చేపలతో నీకేంటే పని, డ్యూటీ చేసొచ్చి పడుకోక!" అని మా ఆయన విసుక్కునేవారు. అమ్మానాన్నలు లేని దేశంలో నాకో పెద్దదిక్కు దొరికిన సంతోషం మా ఆయనకేం తెలుసు.

మూడో ఏడు రడ్ చేపలు ఉన్నట్టుండి తగ్గిపోయాయి. వల వేస్తే నాచు తప్ప ఏమీ రాలేదు. అదే రోజుల్లో నేను షాపులో కొన్న చేపలను, మన అలవాటు చొప్పున పెరట్లో కుళాయి కింద కూర్చుని కల్లుప్పు వేసి రుద్ది కడిగేదాన్ని. గడ్డిలో ఆ పొలుసులు ఎవరి కంట పడ్డాయో, కమిటీ మీటింగులో ఒకావిడ ఎంతో మర్యాదగా, "మీ వాళ్ళు చేపలు బాగా తింటారు కదా" అంది. పెద్దాయన ఏదైనా చెబుతారని ఆయన వంకే చూశాను. ఆయన తన బూట్ల వంక చూసుకుంటూ కూర్చున్నారు. వలలుండే షెడ్డు తాళంచెవి కమిటీవాళ్ళు నా దగ్గర్నుంచి తీసేసుకున్నారు.

ఏడాది తిరక్కుండా ఎవరి గాలానికో మూరన్నర పొడుగు పైక్ పడింది. అది మన కొర్రమేను లాంటిదే, తోటి చేపలను మింగి బతికే రకం. అందరూ దానితో ఫొటోలు దిగారు. నా మీద వేసిన నింద ఎవరికీ గుర్తు రాలేదు. ఆ సాయంత్రం పెద్దాయన మా తలుపు తట్టాడు. గాలం సరదా కొద్దీ దాన్ని వేరే సరస్సు నుంచి తెచ్చి వదిలింది తనేనట. "ఒక్కటే కదా, గ్రాండ్, ఏం కాదులే అనుకున్నాను. అదే తినేస్తోందని మీటింగ్ రోజునే నాకు తెలుసు. ఈ మాట మనిద్దరి మధ్యనే ఉండనీ" అన్నాడు. చేపపిల్లలు వదిలే ముందు చెరువులో కొర్రమేను లేకుండా చూసుకోవాలని మా నాన్న వెయ్యిసార్లు చెప్పేవారు. నేను నీళ్ళలోనే వెతికాను, గట్టు మీద చూసుకోలేదు.

ఆ మాట దాచాను. ఎందుకు దాచానో ఇప్పటికీ తెలియదు. భయమో, పాత అభిమానమో. ఆయన పోయినప్పుడు చర్చిలో ఒక్కొక్కరూ లేచి చెరువుకు ఆయన చేసిన సేవ గురించి చెబుతుంటే, చివరి వరుసలో కూర్చుని విన్నాను. ఇప్పుడు మన పిల్లలు అలాంటి మాట ఎవరైనా అంటే ఇక్కడి యాసలోనే అక్కడికక్కడే బదులు చెబుతున్నారు, చూస్తే ముచ్చటేస్తుంది. మన తరానికి ఆ నోరు లేదు, మనుషుల్ని నమ్మడం ఒక్కటే తెలుసు. ఆ రోజుల్లో ఈ దేశంలో నీకెవరున్నారని ఎవరడిగినా, పక్కింటి పెద్దాయన ఉన్నారనే చెప్పేదాన్ని. ఇప్పుడెవరైనా అడిగితే, పిల్లలున్నారని చెప్పి మాట మారుస్తాను.