బేరాల్లేవని చెప్పిన వీధి

అందుకేనండీ, మీరు ఏ కొట్టుకి వెళ్ళినా "బేరాలెలా ఉన్నాయి" అని అడిగి, వచ్చిన జవాబు నమ్మేసి ఇంటికి వెళ్ళిపోకండి. అనకాపల్లి మెయిన్ రోడ్డు వెనకున్న చిన్న వీధిలో అప్పలనర్సమ్మ ముప్పై ఏళ్ళుగా ఆ ప్రశ్నకి ఒకటే జవాబు చెబుతోంది. ఎదురుగా నలుగురు నిలబడి చేటలు ఏరుకుంటున్నా సరే, "ఏటి బేరాలు బాబూ, ఈగలు తోలుకుంటన్నాను" అంటుంది. అది అబద్ధమని ఆవిడకీ తెలుసు, అడిగినవాడికీ తెలుసు. బాగున్నాయని నోటితో అంటే దిష్టి తగులుతుంది. పైగా అడిగినవాడు ఏ పన్నుల ఆఫీసువాడో ఎవరికెరుక.

ఆవిడది తాళ్ళు, చేటలు, జల్లెడలు, చీపుళ్ళు అమ్మే కొట్టు. మొగుడు పోయాక ఒక్కతే నడుపుతోంది. మోకాళ్ళు పట్టేశాయి. పొద్దున్న షట్టరు ఎత్తాలంటే ఎదురు కొట్టు బాబ్జిని కేకెయ్యాలి. వాడిది స్టీలు సామాన్ల కొట్టు. ఇన్నేళ్ళూ ఆవిడ కొట్టు నిలబడిందంటే, వీధి మొదట్లో తుమ్మపాల నుంచి వచ్చే ఆటోలు ఆగబట్టే. దిగిన ఆడవాళ్ళు నాలుగడుగులేస్తే ఆవిడ గుమ్మం. సంచులు అరుగు మీద పడేసి, "ఇయి సూత్తుండు అత్తా" అని బజారంతా తిరుగుతారు. సంచులకోసం మళ్ళీ వచ్చినప్పుడు ఒక చీపురో, ఒక తాడో కొనుక్కెళ్తారు.

కిందటి ఎండాకాలం సుప్రియ అనే అమ్మాయి మునిసిపల్ ఆఫీసు నుంచి చేతిలో ట్యాబు పట్టుకుని వచ్చింది. ఊరి నడిబొడ్డున బజారు మళ్ళీ జనంతో నిండేలా చేస్తారట. దానికి సర్వే.

"రోజుకి ఎంతమంది వస్తారమ్మా?"

"ఏటొత్తారు తల్లీ. నలుగురొత్తే గొప్ప."

సుప్రియ నాలుగు అని నొక్కుకుంది. బాబ్జి ముగ్గురన్నాడు. మూలనున్న బట్టల కొట్టు సత్తియ్య, వీధికి పెద్ద, "మూసీద్దావనుకుంటన్నానమ్మా" అన్నాడు. అప్పటికి లోపల పెళ్ళివారు చీరలు విప్పించుకుని కూర్చున్నారు. పందొమ్మిది కొట్లవాళ్ళూ ఇదే పాట పాడారు.

పక్క వీధిలో అన్నీ కొత్త షోరూములు. నిలబడి అమ్మేది జీతగాళ్ళు. కొట్టు వాళ్ళది కాదు కాబట్టి దిష్టి బెంగ లేదు. రెండొందలని ఒకడు, మూడొందలని ఇంకొకడు హాయిగా చెప్పేశారు.

వానలు మొదలయ్యేసరికి ప్లాను కాగితం గోడకి అంటించారు. పక్క వీధికి నడవడానికి చక్కటి రాళ్ళ పరుపు, దీపాలు, బెంచీలు. సాయంత్రాలు బళ్ళు రావు. ఆటోలు కూడా ఇకమీదట ఆ వీధి మొదట్లోనే ఆగుతాయి. ఈ వీధిలో ఎలాగూ జనం లేరు కాబట్టి ఇక్కడ కార్లు నిలుపుకుంటారు. బాబ్జి అంతా చదివి వినిపించాడు.

"ఆటో అక్కడాగితే మన మొకం ఎవులు సూత్తార్రా?" అంది అప్పలనర్సమ్మ.

"నీ అరుగు ముందు కార్లెడతారు కదప్పా. కారోడికి సీపురమ్ముకో."

వాడు నవ్వలేదు. ఆవిడా నవ్వలేదు.

ఆవిడే ఆఫీసుకి వెళ్ళింది. రెండంతస్తుల మెట్లు, మధ్యలో మూడుసార్లు కూలబడింది. సుప్రియ గుర్తుపట్టి కుర్చీ వేసింది.

"నలుగురే వస్తారని మీరే అన్నారు కదమ్మా?"

"అన్నాను తల్లీ. అది లెక్క కాదు. అలాగంటాం, అంతే."

సుప్రియ ట్యాబు పక్కన పెట్టింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "అభ్యంతరాలు ఇవ్వడానికి శుక్రవారం సాయంత్రం ఐదుకి ఆఖరు. కొట్లవాళ్ళందరూ నిజంగా ఎంతమంది వస్తారో రాసి, సంతకాలు పెట్టి ఇవ్వండి. మారుతుందని నేను మాటివ్వలేను. కానీ మీ కాగితం లేకపోతే అడగడానికి నా చేతిలో ఏమీ ఉండదు."

కాగితం పట్టుకుని కొట్టుకొట్టుకీ తిరగడం మెట్లెక్కడం కన్నా కష్టమైంది.

"బేరాలు బాగున్నాయని సంతకమెట్టమంటావా?" అన్నాడు సత్తియ్య. "నీకు మతుండే అడుగుతన్నావా నర్సమ్మా? రేపా కాయితం ఎవడి సేతిలో పడతాదో."

"ఆటో పోతే కాయితం సూడ్డానికైనా ఎవులూ రారు మామా."

ఆయన కళ్ళజోడు వెతుక్కున్నాడు, పెట్టుకున్నాడు, తీసేశాడు. ఆఖరికి పన్నెండు అని వేసి సంతకం చేశాడు. బాబ్జి పది రాసి, కొట్టేసి, తొమ్మిది చేశాడు. ఒకాయన అంకె బదులు 'పరవాలేదు' అని రాశాడు. నాలుగు రోజులు తిరిగితే పదమూడు సంతకాలు వచ్చాయి. ఆ అంకెలు చూస్తే పక్క వీధికి రాళ్ళు పరిచేవాడు కూడా జాలిపడేలా ఉంది.

కనీసం తన లెక్కయినా సరిగ్గా రాద్దామనుకుంది అప్పలనర్సమ్మ. గురువారం పొద్దున్నుంచీ గుమ్మం తొక్కిన ప్రతి మనిషికీ ఒక చింతపిక్క డబ్బాలో వేసింది. సాయంత్రం లెక్కపెడితే ఎనభై ఆరు. ఇంతమందా అని ఆవిడే మళ్ళీ లెక్కపెట్టింది. ఇరవై పిక్కలు తీసి పక్కన పెట్టింది. మళ్ళీ కలిపింది. మళ్ళీ తీసింది. విసుగొచ్చి, ఆఫీసులోనే రాయిద్దాంలే అని తన పేరు ఎదురుగా ఖాళీ వదిలేసింది.

శుక్రవారం నాలుగు గంటలకి కాగితం మడిచి రొంటిన దోపుకుంది. బాబ్జి ఆవిడ కొట్టు షట్టరు సగం దించాడు. "నేనట్టుకెళ్తానప్పా" అంటే, "నువ్వెళ్తే తొమ్మిదిని ఎనిమిది సేసీగలవు" అని గొడుగు ఊతం చేసుకుని బయల్దేరింది.

వీధి మొదటికి వచ్చేసరికి తుమ్మపాల ఆటో ఆగింది. ముగ్గురు ఆడవాళ్ళు దిగారు. ముందు దిగినావిడ ఆవిణ్ణి చూసి చెయ్యి పట్టుకుంది.

"ఎక్కడికే అత్తా, నీకోసవే వచ్చేం. ఎల్లుండి పిల్ల పెళ్ళి. సేటలు గావాల, జల్లెడ గావాల, పందిరికి తాళ్ళు గావాల."

"బాబ్జి ఉన్నాడు, ఇత్తాడు."

"ఆడికేం తెలుసు సేటల సంగతి. నువ్వు రా."

అప్పలనర్సమ్మ ఆఫీసు వైపు చూసింది. వాళ్ళ చేతుల్లో ఖాళీ సంచుల వైపు చూసింది. అలసటగా వెనక్కి తిరిగింది.

చేటలు ఒక్కొక్కటీ వెలుగుకి ఎత్తి చూశారు. తాళ్ళు లాగి చూశారు. రెండు జల్లెడలు వద్దని మూడోది తీసుకున్నారు. బాబ్జి వచ్చి గుమ్మంలో నిలబడి, "అప్పా, ఐదవతంది" అన్నాడు. తాడు కొలుస్తున్న అప్పలనర్సమ్మ తలెత్తలేదు.

"బేరాలెలాగున్నాయత్తా?" అంది పెళ్ళికూతురి తల్లి, సంచి సర్దుకుంటూ.

"ఏటి బేరాలమ్మా. ఈగలు తోలుకుంటన్నాను."

రొంటిన కాగితం చెమటకి మెత్తబడిపోయింది. దాంట్లో ఆవిడ పేరు ఎదురుగా ఇంకా ఖాళీగానే ఉంది.