అవ్వ పొడిలో ఏముందో కనుక్కోవడానికి ధర్మవరం దాకా

బెంగళూరు డాక్టరు నా గడ్డం కింది మచ్చను వేలితో నొక్కి చూసి, “బాగా కలిసిపోతుంది, ఆపరేషన్‌కు తేదీ ఇచ్చేస్తాను” అన్నప్పుడు నాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఆరేళ్ల వయసులో పట్టునూలుకు రంగు వేసే మరుగునీళ్లు పడి కాలిన మచ్చ అది. ముప్పై ఏళ్లుగా ఏ ఫొటోలోనైనా తల ఓరగా పెట్టే నిలబడ్డాను. ఆసుపత్రి ఫారంలో “ఏమైనా మందులు వాడుతున్నారా?” అన్న చోట “లేదు” అని ధీమాగా రాసి బయటికొచ్చి కూర్చున్నాను. నర్సు వచ్చి కాఫీ తాగుతారా అని అడిగింది. “వద్దమ్మా, నాది నాకుంది” అంటూ సంచిలోంచి ఫ్లాస్కు తీశాను. ఆ ఫ్లాస్కే నా కొంప ముంచింది.

అందులో ఉన్నది మా అవ్వ పొడితో కాచిన కషాయం. అవ్వ అంటే ధర్మవరంలో ఉండే మా అమ్మ తల్లి. నేను హిందూపురంలో జాకెట్లు కుట్టుకుని బతుకుతాను, తీరిక దొరికితే ఊళ్లు తిరిగి ఇలా రాసుకుంటాను. మెడ నొప్పికని ఆ కషాయం రెండు పూటలా తాగుతాను. మా వైపు మందు అంటే మాత్రే. ఇంట్లో కాచుకునేది మందెట్లా అవుతుంది? నర్సు వెళ్లి చెప్పగానే డాక్టరు మళ్లీ లోపలికి పిలిచి నెమ్మదిగా చెప్పాడు. కూరలో వేసే అల్లం, పసుపుతో ఆయనకు గొడవ లేదట. అవే పొడి కొట్టి రోజూ చెంచాలకొద్దీ తాగితే కొన్ని రక్తాన్ని తొందరగా గడ్డకట్టనివ్వవు, కొన్ని మత్తుమందుతో పడవు. గుచ్చి అడిగితే, నేను రహస్యంగా మింగుతున్న విటమిన్ ఇ క్యాప్సూల్ గొట్టాలు, గ్రీన్ టీ సంగతి కూడా ఒప్పుకున్నాను, అవీ ఆపేయమన్నాడు. “ఆపరేషన్‌కు పదహారు రోజులున్నాయి. రెండు వారాల ముందు ఇవన్నీ మానాలి. కానీ ఏముందో తెలియని పొడి తాగిన మనిషి మీద నేను కత్తి పెట్టను. రేపు సాయంత్రం ఐదులోపు చెప్పండి. లేకపోతే మళ్లీ తేదీ దొరికేది నాలుగు నెలల తర్వాతే.”

అవ్వకు ఫోన్ చేస్తే, “ఫోన్లో చెప్పేదా అది?” అని టక్కున పెట్టేసింది. కోపమొచ్చింది గానీ ఏం చేస్తాం. ఆ పొడి సంగతి కడుపున పుట్టిన మా అమ్మకే చెప్పలేదు. మాకు తెలిసిందల్లా ఒకటే. అవ్వ ఏడాదికోసారి పెనుకొండ కొండకు ఒంటరిగా వెళ్లి ఏదో వేరు తెస్తుంది, పొడి బలమంతా ఆ వేరులోనే ఉంది. ఆ సంగతి నేను చెప్పాక డాక్టరు భయం కూడా ఆ వేరు గురించే.

మర్నాడు ఆరున్నరకు హిందూపురం బస్టాండులో బస్సెక్కాను. ఆడవాళ్లకు టికెట్ డబ్బులు లేవు, ఆధార్ కార్డు మాత్రం చేతిలోనే ఉంచుకోండి. గంటా పావులో పెనుకొండ. బస్టాండు పక్కన ఒక చిన్న హోటల్లో బొరుగుల ఉగ్గాని, బజ్జీ నలభై రూపాయలకు తిన్నాను. ఆ మిరపకాయ బజ్జీ కోసమే మరోసారి వెళ్లొచ్చు. వంట చేసే ఆమె అడక్కుండానే అల్లం టీ తెచ్చి పెట్టింది.

“నాకొద్దక్కా, ఆపరేషన్ ఉంది. అల్లం గిల్లం తాగద్దన్నారు.”

“అల్లానికి ఏమైతాదమ్మా? మా నాయన దినమూ తాగుతాండె, తొంభై ఏండ్లు బతికినాడు.”

“మీ నాయనకు డాక్టరు కత్తి పెట్టలేదు కదక్కా” అన్నాను. నవ్వి ఉత్త పాలు తెచ్చిచ్చింది.

అక్కణ్ణుంచి కొండ కిందికి నడిచి, మూలికలు అమ్మే అంగడిలో ఆరా తీశాను. ధర్మవరం నుంచి ఒక ముసలామె ఏటా వచ్చి ఏ వేరు తవ్వుకుపోతుందని అడిగితే, అంగడాయన నన్ను ఎగాదిగా చూశాడు. “కొండ మింద నూరు రకాల వేర్లు ఉండాయి తల్లీ. ఏ వేరని చెప్పేది నేను?” ఎండలో కొండ మీది కోట గోడల వైపు చూస్తూ నిలబడిపోయాను. నాలుగు నెలలు ఆగడం నాకు కొత్త కాదు, ముప్పై ఏళ్లు ఆగినదాన్ని. కానీ తేదీ చేతికొచ్చాక పోగొట్టుకోవడం వేరే సంగతి. చాలా దిగులేసింది.

తొమ్మిదిన్నర బస్సు చెన్నేకొత్తపల్లి మీదుగా పదకొండు లోపే ధర్మవరం చేర్చింది. స్టాండు నుంచి ఆటోకు యాభై అడిగాడు, ఇచ్చాను. నా మొహం చూసి ఆటో అతను, “ఏమక్కా, ఎవురికన్నా బాగలేదా?” అన్నాడు. విషయం చెప్పగానే, “అట్లయితే పొద్దున్నే కలబంద రసం తాగుక్కా, గాయం జల్దీ మాన్తాది” అని సలహా పారేశాడు. ఈ దేశంలో ఆపరేషన్ అని నోరు జారితే చాలు, ప్రతివాడూ వైద్యుడే!

అవ్వ వీధిలోకి మలుపు తిరగగానే మగ్గాల చప్పుడు మొదలైంది. ఇంట్లో మామ నేస్తున్నాడు, అత్త పట్టునూలు కండెలు చుడుతోంది. అవ్వ అరుగు మీద కూర్చుని వీధి ఆడవాళ్లు ముగ్గురికి పొడి పొట్లాలు కడుతోంది. ఎవరి దగ్గరా పైసా తీసుకోదు. ఆ పొడి వల్లే ఈ వీధిలో ఆమెకు అంత గౌరవం.

“నా పొడి తాగి ఎవురన్నా సచ్చిరా మే? ఆ డాక్టరుకు ఏం తెల్సు?” అంటూనే ఎదురొచ్చింది.

“చెడ్డదని అన్లేదవ్వా. బలమైందన్నాడు. ఆ వేరేందో చెప్పకపోతే నా తేదీ పోతుంది.” తల ఓరగా పెట్టకుండా గడ్డం ఎత్తి చూపించాను.

అవ్వ దగ్గరికొచ్చి ఆ మచ్చను చూసింది. ఆ రంగునీళ్ల కుండ పెట్టింది అవ్వ పొయ్యి మీదే. ఆ మాట ముప్పై ఏళ్లలో ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. వీధి ఆడవాళ్లు లేవబోతే చెయ్యి చూపి ఆపింది. “కూచోండి. మీరూ తాగుతాండారు గదా, మీరూ ఇనల్ల.”

తర్వాత నా వైపు తిరిగింది. “వేరూ లేదు, గీరూ లేదు. శొంఠి, మిరియాలు, ఎండబెట్టిన తెల్లగడ్డ పాయలు, పసుపు కొమ్ము, మెంతులు. అంతే. అంతా వంటింటి సరుకే.”

అత్త చేతిలో కండె ఆగిపోయింది. “ముప్పై ఏండ్లు నాకు చెప్పకపోతివే అత్తా!”

“మరి ఏటా కొండకు ఎందుకు పోయేదానివి?” అన్నాను.

“పోయేది నిజమే. ఏడాదికొగ దినం, మగ్గం సప్పుడు ఇనపడని తావున కూచోవల్లనిపిస్తాండె. ఊరికే పోతానంటే మీ తాత పంపిస్తాడా? వేరు తెస్తానంటే ఎవురూ వద్దనరు.” ఆమె మొహం ఎర్రబడింది. వీధి ముందు తన గౌరవం పోయిందనుకుంది కాబోలు. నాకు మాత్రం ఆమె కాళ్లకు మొక్కాలనిపించింది.

వెంటనే ఆసుపత్రికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను. డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి ఎత్తింది. ఏది ఎన్ని చారెళ్లు, ఎన్నాళ్లు ఎండబెట్టేది, అవ్వే ఒక్కొక్కటి చెప్పింది. ఆ అమ్మాయి అంతా రాసుకుని, డాక్టరును అడిగి పది నిమిషాల్లో తిరిగి ఫోన్ చేసింది. ఇవాళ్టి నుంచి మానేస్తే చాలు, తేదీ మారదు. అప్పుడు అవ్వ ఫోన్ దగ్గరికి వంగి, “తల్లీ, అది మందేనా?” అని అడిగింది.

“మందంత బలముందవ్వా. అందుకే ఆపమంటున్నాం” అంది ఆ అమ్మాయి.

అవ్వ నిటారుగా కూర్చుంది. “ఇంటిరా ఆ మాట?” అంది వీధి ఆడవాళ్లతో. వాళ్లలో ఒకామె తన పొట్లం కొంగున ముడేసుకుంటూ, “వేరు లేకనే ఇంత బలమా!” అని బుగ్గలు నొక్కుకుంది. అంతే, అవ్వ కాపలా మొదలైంది. అత్త నాకు శొంఠి కాఫీ తెస్తే గ్లాసు లాగేసుకుంది. నా వంతు పొడి డబ్బాను పట్టుదారంతో నాలుగు చుట్లు చుట్టి, “డాక్టరు తాగమన్నంక ఇప్పుకో” అంది. సాయంత్రం రైలెక్కితే గంటన్నరలో హిందూపురం. కిటికీలోంచి పెనుకొండ కొండ కనిపించినంతసేపూ చూశాను.

ఆపరేషన్ అనుకున్న రోజే జరిగింది. కుట్లు విప్పాక ఫొటో పంపితే అవ్వ, “ఎండ తగ్గినంక ఇద్దరమూ కొండకు పోదాం మే. ఈ తూరి వేరు కోసమని చెప్పే పని లేదు” అంది. నేను ఇన్ని ఊళ్లు తిరిగి గొప్పగా రాసుకుంటాను. మా ఇంట్లో మొదటి యాత్రికురాలు నేను కాదు, ఏడాదికి ఒకే ఒక్క రోజు కోసం లేని వేరును పుట్టించిన మా అవ్వ. ఆ ఒక్క రోజును కూడా నా మొహం కోసం బయటపెట్టింది. ఆమె మనవరాలినని చెప్పుకోవడానికి నాకు ఒళ్లంతా గర్వం. ఇక మీలాంటివాళ్లకు ఒక్క మాట: ఇలాంటి ఆపరేషన్‌కు వెళ్లేటప్పుడు ఇంట్లో తాగే పొడులు, ఆకుల టీలు, బలానికి మింగే గొట్టాలు అన్నీ ఒక సంచిలో వేసుకెళ్లి మొదటి రోజే డాక్టరు బల్ల మీద పెట్టండి. ఏది మానాలో ఆయనే చెప్తాడు. “మందులేం లేవండీ, ఇంట్లోవే” అని మాత్రం అనకండి.