సెలూన్ బాబాయి కంటి మసక

సెలూన్ బాబాయి పొద్దస్తమానం కళ్ళజోడు తుడుస్తూనే ఉంటాడు. మసక ఉన్నది అద్దాల మీద కాదనీ, షుగర్ వల్ల కంట్లోనే ఉందనీ డాక్టరమ్మ ఆ పొద్దునే చెప్పింది. "ఒంటిని కాపాడాల్సిన తెల్ల రక్తకణాలే కంట్లోని సన్నటి రక్తనాళాలకు అతుక్కుని వాటిని పాడుచేస్తున్నాయి బాబాయ్" అంది. "అయితే మనవాళ్ళేనా అమ్మా!" అని నీరసంగా నవ్వాడు.

సాయంత్రం ఎప్పుడూ వచ్చే మాస్టారి గడ్డానికి నురగ పట్టించి కత్తి ఎత్తాడు. ఆయన మెడ మీద నల్లటి దారాలేవో ఈదులాడాయి.

"ఏమైంది, ఆగిపోయావు?" అన్నారు మాస్టారు, కళ్ళు తెరవకుండానే.

బాబాయి కత్తిని పక్క కుర్చీ దగ్గర పనిచేసే కూతురి చేతిలో పెట్టాడు. "నువ్వు కానియ్యమ్మా. మెడ దగ్గర నా చూపుని నమ్మలేను."

వెళ్ళి గిరాకీలు కూర్చునే బల్ల మీద కూలబడ్డాడు. కత్తి జారే చప్పుడు వింటూ ఉండిపోయాడు. ఎక్కడా తడబాటు లేదు. హమ్మయ్య అనుకున్నాడు గానీ, తన కుర్చీ దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.