పెరట్లో నీళ్ళు

మా పిన్ని ఇంట్లో నిండిన బకెట్ కనపడదు. స్నానం అయ్యాక మిగిలిన నీళ్ళు పారబోసి, బకెట్ బోర్లించి, దాని మీద మగ్గు బోర్లించి గాని బయటకు రాదు. మొక్కలకు పోసే డబ్బా కూడా గోడవారన తలకిందులుగా ఉంటుంది. ఎవరైనా అడిగితే ఒకటే జవాబు.

"ఖాళీగా ఉన్నది ఎవర్నీ ఏం చెయ్యదు."

చిన్నప్పుడు నీళ్ళలో పడిందా అంటే, లేదు. ఎవరైనా మునిగిపోతుంటే చూసిందా అంటే, అదీ లేదు. "దానికి ముందు భయం వచ్చింది, తర్వాత పళ్ళు వచ్చాయి" అంటుంది మా అమ్మ. చెల్లెలి గురించి అంతకంటే చెప్పడానికి ఏమీ లేనట్టు.

పిన్ని పరదాలు కుడుతుంది. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, గోడ పొడుగునా బట్ట చుట్టలు. ఆమె కుట్టిన పరదా ఏదైనా నేలకు ఒక వేలెడు పైనే ఆగిపోతుంది. కింద నుంచి వెలుతురు వస్తోందని కొందరు గొణుగుతారు. "వెలుతురు వస్తే రానివ్వండి. పరదా కాలికి తట్టుకుంటే పళ్ళు రాలతాయి" అని పంపించేస్తుంది.

బాబాయి సిటీ బస్సు నడిపేవాడు. ఏళ్ళ తరబడి ఒకే సీటు, ఒకే కుదుపు. వెన్ను అరిగిపోయింది. ఆపరేషన్ తర్వాత నొప్పి తగ్గింది గాని, కుడి కాలు మాట వినడం మానేసింది. కర్ర పట్టుకుని దాన్ని వెంట ఈడ్చుకుని తిరిగేవాడు.

డాక్టరు నిక్కచ్చి మనిషి. "నేల మీద మీ బరువు ఈ కాలు మొయ్యలేదు. నీళ్ళలో మోస్తుంది. రోజూ ఛాతీ లోతు నీళ్ళలో నడవండి. ఈ ఏడాది కదిలిస్తేనే కదులుతుంది. ఆ తర్వాత నేనేం చెప్పలేను."

ఊళ్ళో అందరికీ ఉన్న ఈతకొలనుకు వెళ్ళారు. బట్టలు మార్చుకునే గది నేల తడిగా ఉంది. బాబాయి పడ్డాడు. ఇద్దరు కుర్రాళ్ళు చంకల కింద చేతులు వేసి లేపారు. నిన్నటిదాకా బస్సులో తను "జరగండి, జరగండి" అని కసిరినవాళ్ళే అయ్యుంటారు. మళ్ళీ అక్కడికి వెళ్ళనన్నాడు.

"పెరట్లో కట్టిద్దాం" అన్నాడు కొన్నాళ్ళకు.

మిషను ఆగింది. పిన్ని తల ఎత్తలేదు.

"ఏం కట్టిద్దాం?"

"నీకు తెలుసు."

చాలాసేపటికి లేచింది. మెడలో వేలాడే టేపు తీసి, ఒక కొస పాదంతో తొక్కిపెట్టి, రెండో కొస ఆయన ఛాతీ దాకా లాగింది. అంకె చూసింది. ముఖం పాలిపోయింది. "సరే" అంది.

మట్టి తవ్వే యంత్రం పక్కింటి సందులోంచి వచ్చింది. వంటగది కిటికీలోంచి అదివరకు బట్టలారేసే తీగ కనపడేది. ఇప్పుడు గొయ్యి. యంత్రం నేలను కొరికినప్పుడల్లా అలమరలో పళ్ళేలు గజగజలాడేవి. పిన్ని వాటిని దించి నేల మీద పెట్టింది. వంటగది గోడలో వెంట్రుకంత పగులు ఉంటే, దాని కొస దగ్గర బట్టల మీద గీసే సుద్దతో చిన్న గీత పెట్టింది. పొద్దున లేవగానే మొదటి పని, పగులు గీత దాటిందా అని చూడడం.

"ఆ పగులు మన పెళ్ళి కంటే పాతదే" అన్నాడు బాబాయి.

"పాతదైతే పెరగదా?"

ఒక పొద్దున గొయ్యి అడుగున నీళ్ళు కనపడ్డాయి. వాన పడలేదు. ఎవరూ పొయ్యలేదు. కింద నుంచి, చప్పుడు లేకుండా, తామే వచ్చాయి. పిన్ని కాంట్రాక్టరుకు ఫోను చేసింది.

"ఇక్కడ నేలలో నీరు పైపైనే ఉందక్కా. మంచిదేగా, కరువు లేదు" అని నవ్వాడతను. మంచివాడే. మాట మంచిది, పని మంచిది. మనిషి మాత్రం నల్లపూస. అన్ని ఇళ్ళలోనూ ఒకేసారి పని ఒప్పుకునే రకం. ఆ నవ్వు నవ్వి ఇంకెవరి ఇంటికో వెళ్ళిపోయాడు.

గొయ్యి అలాగే ఉండిపోయింది. అడుగున బురద నీళ్ళు, అందులో ఆకాశం ముక్క. పిన్నికి ముద్ద దిగడం మానేసింది. పిల్లి పడుతుందని భయం. దొంగ పడితే ఆ పాపం తమకే చుట్టుకుంటుందని భయం. కర్రలు పాతి, మిగిలిపోయిన పరదా ముక్కలు గొయ్యి చుట్టూ కట్టింది. పూలవి, చారలవి, పిల్లల గదికి కుట్టగా మిగిలిన ఏనుగు బొమ్మలవి.

పక్కింటావిడ గోడ మీదుగా చూసింది. "ఏం వదినా, గొయ్యి సిగ్గుపడుతోందా?"

"నవ్వండి. పడేది మీ పిల్లి."

"మా పిల్లికి మీ కంటే ధైర్యం ఎక్కువలే."

కాంట్రాక్టరు చివరికి వచ్చాడు. వెంట క్రేను వచ్చింది, లారీ మీద నీలం రంగు ఫైబర్ తొట్టి వచ్చింది. గది అంత ఉంది. సందులో పట్టదు గనక ఇంటి మీదుగా దించాలన్నారు. వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. తొట్టి గాల్లోకి లేచి, మెల్లగా తిరుగుతూ, పైకప్పు మీదికి వెళ్ళింది. ముందు గదిలో ఒక్కసారి చీకటి పడింది. ఇంట్లో ఉండొద్దన్నా వినకుండా పిన్ని లోపలే ఉంది, మిషను మీద రెండు చేతులూ వేసి. తొట్టి పడితే మిషనును చేతులతో ఆపేదేమో. మళ్ళీ వెలుతురు వచ్చినప్పుడు ఆమె వేళ్ళు మిషనును వదల్లేదు. ఒక్కొక్కటీ విప్పాల్సి వచ్చింది.

తొట్టి గొయ్యిలో కూర్చుంది. చుట్టూ ఇసుక నింపారు, గట్టుకు రాళ్ళు పరిచారు, గట్టు పొడుగునా పట్టుకోవడానికి ఇనుప కమ్మీ బిగించారు. కంచె తర్వాత వస్తుందన్నారు. నీళ్ళు పెట్టారు. వెళ్ళేముందు కాంట్రాక్టరు బండి ఎక్కుతూ అన్నాడు.

"ఒక్క మాటక్కా. నాకు చెప్పకుండా నీళ్ళు మాత్రం తియ్యొద్దు. నిండుకుండ తొణకదు, వినలేదా?"

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది. అతని ఫోను మోగింది. ఎందుకు తియ్యొద్దో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. సామెత గుర్తుండిపోయింది, మాట జారిపోయింది.

బాబాయి నీళ్ళలోకి దిగిన రోజు పిన్ని ఆయన నడుముకు పరదా నాడా కట్టి, రెండో కొస తన మణికట్టుకు చుట్టుకుంది.

"నేను మునిగితే నువ్వూ వస్తావు, అంతేగా లాభం" అన్నాడు.

"మాట్లాడకండి. నీళ్ళు నోట్లోకి పోతాయి."

కమ్మీ పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాడు. మొదట కాలు వెనకాలే వచ్చింది. తర్వాత పక్కనే వచ్చింది. ఒకరోజు ముందుకు పడింది. అది తనంతట తనే లేవడం ఇద్దరూ చూశారు. నీళ్ళలో ఆ పాదం తెల్లగా, ఎవరిదో పాదంలా లేచి, దిగింది. బాబాయి ఆ చివర గోడ తాకి, బస్సు గొంతుతో అరిచాడు. "ఆసుపత్రి! దిగేవాళ్ళు దిగండి! గుమ్మంలో నిలబడొద్దు!"

పక్కింటావిడ గోడ అవతల నుంచి, "ఒక టికెట్టు నాకూ!" అంది.

పిన్ని నవ్వలేదు. నాడా మణికట్టులోకి దిగి ఎర్రటి గాడి పడింది.

వానలు మొదలయ్యాయి. వరసగా కురవడంతో పెరట్లో అడుగేస్తే చెప్పు కూరుకుపోయేది. కంచె ఇంకా రాలేదు. అప్పుడు పిన్ని కూతురు ఫోను చేసింది. మర్నాడు వస్తున్నాం, నాలుగు రోజులు ఉంటాం, బుజ్జిది నడుస్తోంది, నడవడం కాదు పరుగే, పట్టుకోలేకపోతున్నాం అంది. మనవరాలి నవ్వు కూడా ఫోనులో వినిపించింది.

ఫోను పెట్టేశాక పిన్ని వంటగది కిటికీ దగ్గరే నిలబడిపోయింది. నీళ్ళ మీద చినుకులు పడుతున్నాయి.

"నీళ్ళు తీసేద్దామండీ. పిల్ల వెళ్ళాక మళ్ళీ పెట్టుకుందాం."

"వద్దే. పెరటి తలుపు వేసుకుందాం. పిల్లని నేను కనిపెట్టి ఉంటా."

"మీరా? అది పరిగెడితే మీరు పట్టుకుంటారా?"

ఆ మాట అన్నాక నాలుక కరుచుకుంది. బాబాయి కర్ర తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఆయన నిద్రపోతున్నప్పుడు పక్కింటి మోటారు అడిగి తెచ్చింది. గొట్టం ఒక కొస కొలనులో, ఒక కొస వీధి కాలువలో. నీలం గోడలు కొంచెం కొంచెంగా బయటపడ్డాయి. చివరికి అడుగు తేలింది. నీళ్ళు లేని కొలను, కడిగి బోర్లించడానికి వీల్లేని పెద్ద గిన్నెలా ఉంది. పిన్ని గట్టు మీద కూర్చుని దాని వంక చూసింది. గొయ్యి తవ్విన నాటి నుంచి మొదటిసారి గుండె నెమ్మదిగా కొట్టుకుంది. లేచిన బాబాయికి చెప్పింది. ఆయన కిటికీలోంచి చూసి, "పిల్ల వెళ్ళగానే పెట్టించు" అన్నాడు, అంతే. ఆ రాత్రి ఆమెకు ఒళ్ళు తెలియని నిద్ర పట్టింది.

తెల్లారుతుండగా పెద్ద చప్పుడు. రాయి విరిగినట్టు. ఆ వెనకే మూలిగినట్టు ఇంకో చప్పుడు, సాగుతూ.

పిన్ని ముందు గోడ పగులు దగ్గరికి పరిగెత్తింది. గీత గీతలానే ఉంది. తలుపు తీసింది.

కొలను లేచింది. ఒక మూల జానెడు పైకి వచ్చేసింది. గట్టు రాళ్ళు పళ్ళూడినట్టు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కమ్మీ వంగి, ఒక కొస గాల్లో వేలాడుతోంది. తొట్టికి బిగించిన గొట్టం విరిగి నోరు తెరిచింది. చూస్తుండగానే తొట్టి ఇంకొంచెం కదిలింది, నిద్రలో పక్కకు ఒత్తిగిలే మనిషిలా.

"ఏమండీ!" అని కేక వేసింది.

బాబాయి కర్రతో గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. చూశాడు. ముఖంలో కోపం లేదు. అది ఆమెను ఇంకా భయపెట్టింది. డాక్టరు చెప్పిన ఏడాది ఆయన కళ్ళ ముందు పెరట్లో వంకరగా పడి ఉంది.

కాంట్రాక్టరు మొదటిసారికే ఫోను ఎత్తాడు.

"నీళ్ళు తీశారా అక్కా?"

"పిల్ల వస్తోందని..."

"అయ్యో. ఖాళీ చేస్తే అది తొట్టి కాదక్కా, పడవ. కింద నీరు ఎత్తేస్తుంది. లోపలి నీళ్ళ బరువే దాన్ని పట్టి ఉంచేది. నీళ్ళు తీసేసరికి చెరువు మీద ఖాళీ పళ్ళెంలా అయింది."

"నువ్వు చెప్పలేదు నాయనా."

"చెప్పాననుకున్నా. సరే, ఇప్పుడు నీళ్ళు పెట్టండి. వెంటనే. నిండితే ఆగుతుంది. ఆగకపోతే చీలిపోతుంది, చీలితే ఇక అతకదు. నేను బయల్దేరుతున్నా."

ఫోను చేతిలో ఉండగానే కూతురి నుంచి కబురు వచ్చింది. బయల్దేరాం, భోజనాల వేళకు వస్తాం.

పిన్ని పంపు దగ్గరికి వెళ్ళింది. గొట్టం తగిలించింది. చెయ్యి పంపు మీద ఆగిపోయింది. పరుగులు తీసే పిల్ల వస్తోంది. కంచె లేదు. జన్మలో ఎప్పుడూ చెయ్యని పని, నీళ్ళు నింపి వదిలెయ్యడం, తన చేత్తో చెయ్యాలి. తొట్టి మళ్ళీ మూలిగింది. కళ్ళు మూసుకుని పంపు తిప్పింది.

నీళ్ళు పెరిగిన కొద్దీ చప్పుడు తగ్గింది. కాంట్రాక్టరు వచ్చేసరికి తొట్టి ఆగింది. అతను చుట్టూ తిరిగాడు, లోపలికి దిగి తట్టి చూశాడు, చుట్టూ నేలలోని నీరు తోడడానికి ఇంజను పెట్టించాడు. ఆ నీరు పోతుంటే లేచిన మూల కొంచెం దిగింది. పూర్తిగా దిగలేదు.

"చీలలేదు. అదృష్టం. వానలు వెళ్ళాక ఎత్తి సరిచేస్తా. అప్పటిదాకా వంకరే. నిండుగా ఉన్నంతకాలం కదలదు. నడవొచ్చు. కమ్మీ మాత్రం ఇప్పుడు బిగించలేనక్కా, దాన్ని నిలబెట్టే గట్టు కదిలిపోయింది."

"మరి ఆయన దేన్ని పట్టుకుంటాడు?"

అతను భుజాలు ఎగరేశాడు. ఈసారి సామెత చెప్పలేదు.

కూతురు వచ్చింది. సంగతి విని, పిల్లను చంకన వేసుకుని దించలేదు. దించితే పిన్ని ప్రాణం పోతుందని ఆమెకు తెలుసు. సాయంత్రం వాన తెరిపిచ్చింది. బాబాయి గుమ్మంలో కుర్చీ వేసుకుని నీళ్ళను చూస్తూ కూర్చున్నాడు. అడగలేదు. తొడ మీద చెయ్యి పెట్టుకుని, కాలును అటూ ఇటూ కదపాలని చూస్తున్నాడు.

పిన్ని లోపలికి వెళ్ళి పాత బట్టలు కట్టుకుని వచ్చింది.

"అమ్మా, నువ్వెక్కడికి?" అంది కూతురు.

"దాన్ని గట్టిగా పట్టుకో. వదిలావంటే నీ సంగతి చెప్తా."

మెట్టు మీద కాలు పెట్టింది. చలికి కాదు, పళ్ళు టకటకలాడాయి. రెండో మెట్టు. నీళ్ళు నడుము దాటి, గుండె దాటి, మెడ దగ్గరికి వచ్చాయి. కింద నేల వాలుగా ఉంది. వెనకాలే బాబాయి దిగి, కర్ర గట్టు మీద పెట్టి, ఆమె భుజం పట్టుకున్నాడు. కమ్మీని పట్టుకున్నట్టే, బరువంతా వేసి.

"ఏడుస్తున్నావా?"

"లేదు. నీళ్ళు."

"కళ్ళు తెరువు."

"తెరవను. నడవండి."

చాలాసేపు అలాగే బిగుసుకుని ఉంది. ఊపిరి తీసి, వదిలి, మళ్ళీ తీసింది.

"ఎంత దూరం వచ్చాం?" అంది.

"ఇంకా బయల్దేరలేదే" అన్నాడు బాబాయి.