జాడీలో ఊచలు

స్లాబు పెచ్చు ఊడి భుజం మీద పడిన రోజు నుంచి మా అత్తయ్యగారు ఇంట్లో పడుకోవడం మానేశారు. బాపట్లలో సముద్రం వైపు వెళ్ళే రోడ్డు మీద మా ఇల్లు. ఉప్పుగాలికి లోపలి ఊచలు తుప్పు పట్టి, ఉబ్బి, కింద ఉన్న సిమెంటును తోసేశాయి. భుజం నయమైంది గానీ ఆవిడ మంచం మాత్రం పెరట్లో తాటాకు పందిరి కిందికి వెళ్ళిపోయింది. వంటిల్లు విడిగా, పెంకులది కాబట్టి అక్కడ ధైర్యంగా తిరిగేవారు. స్లాబు కిందికి అడుగు పెట్టమంటే మాత్రం ససేమిరా. వానాకాలం వచ్చేలోగా ఆవిణ్ణి లోపలికి ఎలా తేవాలన్నదే మావయ్యగారికీ, మా ఆయనకీ, నాకూ బెంగ.

సెల్‌ఫోన్లు అప్పుడప్పుడే ఇంటింటికీ వస్తున్న రోజులవి. రేపల్లె నుంచి వచ్చిన మేస్త్రి గోడలన్నీ తట్టి చూసి, "ఇవి రాయిలా ఉన్నాయండి మాస్టారూ, కూల్చకండి. స్లాబు ఒక్కటే మార్చుకుందాం. మామూలు ఊచలొద్దు, ఉప్పుగాలికి తట్టుకునే స్టీలు తెప్పించండి" అన్నాడు. మా మావయ్యగారు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరైన మనిషి, ఋజువు లేకుండా ఏదీ నమ్మరు. నేను ఋజువు చూపించినా నమ్మను. కొత్త సరుకు పేరు చెప్పేటప్పుడు మేస్త్రీల మొహంలో కనిపించే వెలుగు నాకసలు గిట్టదు.

తెనాలి నుంచి లారీలో ఊచలు దిగాయి. దించుతుండగానే చూశాను, ఒంటినిండా ఎర్రటి పొడి. నేను నోరు తెరిచేలోగా పందిరి కింద నుంచి అత్తయ్యగారే అందుకున్నారు.

"స్టీలంటిరి. స్టీలుకి తుప్పేంటి? నా గిన్నెలకి ఇన్నేళ్ళలో ఎప్పుడన్నా పట్టిందా?"

మా ఇళ్ళలో స్టీలంటే గ్లాసులు, కంచాలు. ఊచలైతే అది ఇనుము. కొట్లో వాళ్ళు దాన్నీ స్టీలంటారు. ఆ ఒక్క మాటతో ఇల్లంతా గగ్గోలు. మావయ్యగారు ఒక ముక్క కోయించి, తువ్వాల్లో చుట్టుకుని తెనాలి రైలెక్కారు. నేనూ వెంట వెళ్ళాను, ఆయన్ని మాటల్లో పెట్టి పంపేస్తారేమోనని.

"తుప్పు పట్టదన్నారు కదండీ?" అని నిలదీశారు మావయ్యగారు.

"తట్టుకుంటదన్నానండి. పట్టదనలేదండి. ఇది పైపైన పట్టిందండి, తుడిస్తే పోద్ది. మామూలు దానికి లోపలికంటా తినేస్తది" అన్నాడు కొట్టాయన, పక్కన ఉన్న మామూలు ఊచ ముక్కొకటి ఆయన చేతిలో పెట్టి.

ఇంటికి రాగానే మావయ్యగారు అత్తయ్యగారి ఆవకాయ జాడీ కడిగి, మా బోరు నీళ్ళలో గుప్పెళ్ళకొద్దీ ఉప్పు కలిపి, రెండు ముక్కల్నీ అందులో ఊరేశారు. "ఇక ఆ జాడీలో ఊరగాయ పెట్టినట్టే" అని అత్తయ్యగారు తల పట్టుకున్నారు. మేస్త్రి ముక్కలు మార్చేస్తాడేమోనని నేను కొత్తదానికి గోళ్ళరంగు పూసి ఉంచాను. రోజూ వాటిని బయటికి తీయడం, ఎండబెట్టడం, మళ్ళీ ముంచడం. నెల దాటేసరికి మామూలు ముక్క పొరలు పొరలుగా ఊడింది. రంగు పూసినది గోధుమరంగుకి తిరిగింది గానీ గోరు పెట్టి గీకితే కింద గట్టిగానే ఉంది. మావయ్యగారు సంతోషపడ్డారు. నేను కూడా, కొంచెం.

అంతటితో నా అనుమానం నీళ్ళ మీదికి మళ్ళింది. మా బోరు నీళ్ళలో కందిపప్పే ఉడకదు, ఆ ఉప్పు స్లాబులోకి పోతే ఎంత మంచి ఊచైనా ఏం చేస్తుంది? కాలవ నీళ్ళు ట్యాంకర్లలో తెప్పించమన్నాను. వచ్చిన ప్రతి ట్యాంకరు దగ్గరా దోసిలి పట్టి రుచి చూశాను. "ఇంత అనుమానమైతే ఎట్టాగమ్మా" అని మేస్త్రి విసుక్కున్నాడు. విసుక్కుంటే విసుక్కున్నాడు, ఒక ట్యాంకరు వెనక్కి పంపించాను.

పాత స్లాబు కొట్టేసి కొత్తది పోశారు. మీద మడులు కట్టి మంచినీళ్ళే నిలబెట్టాం. కింద ఆనించిన చెక్కలు తీశాక సున్నాలు వేసి, పాలు పొంగించాం. సాయంత్రం చూస్తే అత్తయ్యగారి మంచం ఇంకా పందిరి కిందే ఉంది. నాకు ఒళ్ళు మండింది. మావయ్యగారు జాడీలోంచి రెండు ముక్కలూ తీసి ఆవిడ ముందు పెట్టి, క్లాసులో చెప్పినట్టు మొదలెట్టారు. ఆవిడ చివరిదాకా ఓపిగ్గా విన్నారు.

"స్టీలు మంచిదేనండి. మేస్త్రీ మంచోడే. పెచ్చు ఊడకముందు ఏడాది పాటు ఆ పగులు చూపిస్తానే ఉన్నాను. ఏం కాదులే అన్నారు. మీరూ, అబ్బాయీ, ఈ అమ్మాయీ. నాకు ఆ ఊచల మీద కాదండి అనుమానం."

నాకు సిగ్గేసింది, ఏడుపొచ్చింది.

"ఇప్పుడూ ఉందొక గీత. పొద్దున పాలు పొంగించేప్పుడు గుమ్మంలోంచి చూశాను" అన్నారావిడ, మా మొహాల్లోకి చూస్తూ.

కొత్త స్లాబులో గీతేమిటని నా నాలుక చివరిదాకా వచ్చింది. మావయ్యగారు లేచి నిలబడ్డారు.

"ఎక్కడ? చూపించు."

ఆవిడ కొంగు దోపుకుని, గుమ్మం దాటి, స్లాబు కిందికి నడిచి, చెయ్యెత్తి చూపించారు. మావయ్యగారు స్టూలెక్కి గోటితో తీశారు. సున్నం కుంచె వెంట్రుక. ఆయన నవ్వలేదు. ఆ మూల నుంచి ఈ మూల దాకా స్టూలు జరుపుకుంటూ మిగతాదంతా కూడా చూసి దిగారు.

"నా మంచం తెచ్చి లోపల వెయ్యమ్మా" అన్నారు అత్తయ్యగారు నాతో. "గుమ్మానికి దగ్గరగా వెయ్యి."